కాళ్ళూపే మిషను

పోయిన ఆదివారం ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. రీడింగ్ ఊరి చివర కొత్తగా ఇల్లు కొనుక్కున్న చిన్నవాళ్ళు. నన్ను ఆంటీ అంటారు. అనిపించుకునే వయసొచ్చింది కనక సరే. కథ అయింది, ప్రసాదం తిన్నాం, ఆ అమ్మాయి బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. ఆకు, వక్క, అరటిపండు, జాకెట్టు గుడ్డ. వాటి అడుగున మెరిసే కాగితంలో చుట్టిన ఓ చిన్న పొట్లం.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"జస్ట్ శాంపిల్ ఆంటీ. నేను వాడుతున్నా. నా థైరాయిడ్ టాబ్లెట్లు కూడా తగ్గించేశా, తెలుసా..."

మిగతాది నేను వినలేదు. పొట్లం తీసి వాళ్ళ టీవీ పక్కన పెట్టేశాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది. "తాంబూలంలోంచి తీసి ఇచ్చేయకూడదంటారు కదా ఆంటీ," అంది చిన్నగా.

"తాంబూలంలో పెట్టి అమ్మకూడదు కూడానమ్మా. ముందెళ్ళి నీ టాబ్లెట్ వేసుకో," అన్నాను. అందరూ నా వంకే చూశారు. నాకు నోటిదురుసని ఎటూ పేరుంది, ఇంకాస్త పెరిగితే పెరగనీ.

కారెక్కి తలుపేసుకున్నాను. ఆ పొట్లంలో ఏముందో, దాని వాసనేమిటో నాకు తెలియదు. నాకు తగిలింది మాత్రం పాత వాసన. కుళ్ళిన రేగుపళ్ళూ దగ్గుమందూ కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది. ఓ చలికాలమంతా మా ఇల్లు ఆ వాసనే కొట్టింది. కార్పెట్‌కీ, కర్టెన్లకీ, రేడియేటర్ మీద ఆరేసిన నా స్కూలు స్వెటర్‌కీ కూడా పట్టేసింది.

అప్పటికి మేం ఈ దేశం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళం కొద్దిమందిమే. ఎవరింట్లో కరివేపాకు ఉందో అందరికీ తెలిసేది. శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. మగవాళ్ళు ముందుగదిలో కాంట్రాక్టుల గురించీ వీసాల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళు వంటింట్లో నిమ్మకాయ పులిహోర కలుపుతూ జీపీ డాక్టర్ని, కౌన్సిల్‌ని, అత్తగార్లని వరసగా తిట్టుకునేవాళ్ళు. మేం పిల్లలం మేడమీద గదిలో దుప్పట్ల మీద దొర్లేవాళ్ళం. కింద నుంచి తెలుగులో పిలిస్తే పైనుంచి ఇంగ్లీషులో జవాబిచ్చేవాళ్ళం. ఆ లోకం ఇప్పుడు లేదు. ఇప్పుడు ప్రతి వీధిలోనూ మనవాళ్ళే, ఎవరింట్లో ఏముందో ఎవరికీ తెలియదు.

ఆ చలికాలానికి ముందే నాయనమ్మ వచ్చింది, విజిటర్ వీసా మీద. గోంగూర పచ్చడి, సున్నుండలు, బిస్కెట్ల డబ్బా నిండా బీపీ మాత్రలు తెచ్చుకుంది. విమానం దిగి ఇంట్లో అడుగు పెట్టగానే కార్పెట్ చూసి, "ఇల్లంతా పరుపులు పరిచి తొక్కుతా తిరుగుతారేంటర్రా!" అంది. పొద్దున్నే కాఫీ తాగి, కత్తెరతో మాత్రల పట్టీలోంచి ఒకటి కత్తిరించి, మాత్ర తీసి, నోట్లో వేసుకుని, కిటికీ దగ్గర కూర్చునేది. వచ్చేపోయే కుక్కల్ని చూసి, వాటి వెనక నడిచే మనుషుల్ని చూసి, "ఎవరిని ఎవరు తిప్పుతున్నారే?" అని అడిగేది. నాకు ఆవిడంటే ప్రాణం. తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే.

నాన్నకి ఉద్యోగం పోయింది అప్పుడే. ఆఫీసులు ఒకదాని తరవాత ఒకటి మనుషుల్ని ఇళ్ళకి పంపేస్తున్న రోజులు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేక, టెలిఫోన్ ముందు కూర్చునేవాడు. అమ్మ సూపర్‌మార్కెట్‌లో బేకరీ కౌంటర్ దగ్గర షిఫ్టులు చేసేది. ఆ బ్రెడ్డు వాసన వేసుకుని అమ్మ ఇంటికి రాగానే నాన్న లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవాడు.

అలాంటప్పుడు దిగాడు సూటంకుల్. అది మేం పిల్లలం పెట్టిన పేరు. బర్మింగ్‌హామ్‌లో ఉండేవాడు, ఊరు మాత్రం మా తెనాలి వైపే. ఆదివారం కూడా సూటు విప్పేవాడు కాదు. కారు డిక్కీలోంచి ఓ మిషను తీసి మా ముందుగదిలో పెట్టాడు. పాలమీగడ రంగు ప్లాస్టిక్ పెట్టె, దాని మీద మడమలు ఆనించుకోవడానికి రెండు గుంటలు. నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు అందులో పెట్టి స్విచ్ వేస్తే, అది కాళ్ళని ఇటూ అటూ ఊపుతుంది. మనిషి మొత్తం చేపలా ఆడతాడు. దాంతో పాటు కుళ్ళిన రేగుపళ్ళ వాసన కొట్టే నల్లటి టానిక్కు సీసాలు. మిషను రక్తాన్ని తిప్పుతుందట, టానిక్కు దాన్ని కడుగుతుందట. బీపీ, షుగరు, మోకాళ్ళు, నిద్ర, అన్నిటికీ ఆ రెండే.

నాయనమ్మని పడుకోబెట్టి స్విచ్ వేశారు. కడుపు పట్టుకుని నవ్వింది. "కాళ్ళూపితే దరిద్రమని చిన్నప్పుడు వీణ్ణి తొడపాశం పెట్టేదాన్ని. ఇప్పుడు వీడే కరెంటు పెట్టి మరీ నా కాళ్ళూపుతున్నాడు!" అంది. సూటంకుల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నాన్న వైపు తిరిగి, "సార్, మీకు అమ్మగారే అసెట్. పెద్దావిడ. నమ్మకం కలిగే మొహం," అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు పొగడ్తలా వినపడింది.

అమ్మకంలో అతని పద్ధతి వేరు. "హోటల్లో మీటింగ్ పెడితే మనవాళ్ళు బిస్కెట్లు తిని పోతారండీ. ఇంట్లో వ్రతం పెట్టండి. వ్రతానికి పిలిస్తే రాననరు, మహాపచారం. కథ అవగానే, దీపం కొండెక్కకముందే డెమో పెట్టేయండి. దీపం వెలుగుతుంటే మనవాళ్ళు నో చెప్పలేరు. శాంపిల్ సీసా తాంబూలంలో పెట్టండి, తిరిగివ్వలేరు."

అమ్మకి ఒళ్ళు మండింది. అతను వెళ్ళాక, "దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అమ్ముకోటమేంటండీ? కళ్ళు పోతాయి," అంది.

"నువ్వు షిఫ్టుల రోటా చూసుకుని పనికి పోతావు. నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అదేగా నీకు బాగుంది?" అన్నాడు నాన్న. ఆ రోజుల్లో ఆ ఒక్క మాటతో నాన్న ఎవరి నోరైనా మూయించేవాడు.

ఇక మా ఇంట్లో వ్రతాలే వ్రతాలు. అగరొత్తుల పొగకి అలారం కూస్తుందని నాన్న కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకేసేవాడు. అమ్మ రవ్వ కేసరి కలిపేది. పీట పక్కనే మిషను. కొత్త యంత్రం కనక దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. పూజ అయ్యాక ఆంటీలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, సిగ్గుపడుతూ పడుకుని కాళ్ళూపించుకునేవాళ్ళు. మాకు అదో తిరనాళ్ళు. పెద్దవాళ్ళు భోజనాలకి లేవగానే మా తమ్ముడి తల ఆ గుంటల్లో పెట్టి స్విచ్ వేశాం ఓసారి. వాడు తిన్నదంతా కక్కాడు. టానిక్కుని నిమ్మ సోడాలో కలిపి వైను అని తాగాం. తియ్యగానే ఉండేది. వీపు విమానం మోత మోగింది.

పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాయనమ్మ మిషను మీద కాళ్ళు పెట్టుకుని, కరెంటు వెయ్యకుండా పడుకునేది. నేను పక్కన బోర్లా పడుకునేదాన్ని. అప్పుడు చెప్పిందే ఇది.

"మా చిన్నతనంలో దొరల కంపెనీ ఏజంటని ఒకడొచ్చేవాడే. నెత్తిన టోపీ, ఎడ్లబండిలో పాటలపెట్టె. పాట పెట్టేతలికి ఊరంతా మూగేది. అప్పుడు తీసేవాడు సీసా. జొరానికీ అదే, అజీర్తికీ అదే, కడుపు పండకపోయినా అదే. మా నాన్నకి ఆయిలింజను కూడా వాడే అంటగట్టాడు. ఇంక కాలవతో పనిలేదు, చేలన్నీ బంగారం పండుతయ్యన్నాడు."

"పండాయా?"

"ఏం పండటం? నాలుగు వానలకి తుప్పట్టి కూచుంది. కోళ్ళు గుడ్లు పెట్టేయి దాని కింద."

"మరి సీసా?"

"అది మా మేనత్త తాగిందిలే." ఆ మేనత్త సంగతి ఇంక చెప్పలేదు. తనే నవ్వింది. "అప్పుడు వాళ్ళు మనూరొచ్చి మనకమ్మారు. ఇప్పుడు మనం వాళ్ళూరొచ్చి మనకే అమ్ముకుంటున్నాం. ఎంత ఎదిగిపోయామో చూడు!"

అదీ సంగతి. ఆవిడకి మొదటి రోజే తెలుసు. ఈ దేశంలో చదువుకున్న అంకుళ్ళందరికంటే ముందు తెలుసు. అయినా కొడుకు పిలవగానే వెళ్ళి వెల్లకిలా పడుకునేది.

పెద్ద వ్రతం ఒకటి పెట్టాడు నాన్న. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా పిలిచాడు. సూటంకుల్ బర్మింగ్‌హామ్ నుంచి ఇంకో ఇద్దర్ని వెంటేసుకొచ్చాడు. గదిలో కాలు పెట్టే సందు లేదు. మేం పిల్లలం మెట్ల మీద కూర్చుని కమ్మీల్లోంచి చూస్తున్నాం. మంగళహారతి అయింది. పీట మీద దీపం ఇంకా వెలుగుతోంది. నాయనమ్మని ముందుకి పిలిచారు. "కాళ్ళూపుతుంటే హాయిగానే ఉందమ్మా," అంది. ఆవిడ ఎప్పుడూ అంతవరకే చెప్పేది. అది అబద్ధం కాదు.

అప్పుడు అందరికంటే ముందు ఈ ఊరొచ్చి స్థిరపడ్డ ఓ బట్టతల అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, మీకు బీపీ ఉందన్నారు కదా. మాత్రలు కూడా వేసుకుంటున్నారా? రెండూ వాడుతుంటే దేనివల్ల బాగుందో ఎలా తెలుస్తుందండీ?"

మంచి ప్రశ్నే. సూటంకుల్ నాన్న వంక చూశాడు. నాయనమ్మ నోరు తెరిచింది. ఆవిడ ఏం చెప్పబోయిందో మాకెవ్వరికీ ఇక తెలియదు, ఈలోపే నాన్న అందుకున్నాడు.

"మాత్రలా? ఎప్పుడో మానేసిందండీ. మిషను, టానిక్కు, అంతే!"

నాయనమ్మ కొడుకుని చూసింది. తరవాత దీపాన్ని చూసింది. మళ్ళీ కొడుకుని చూసింది. "అంతేనా అమ్మగారూ?" అన్నాడు బట్టతల అంకుల్. "వాడు చెప్పాడుగా నాయనా," అంది ఆవిడ. ఆ రోజు తెచ్చిన పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి. నాన్న చాలా కాలం తరవాత పులిహోర రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున నాయనమ్మ కాఫీ తాగి కిటికీ దగ్గర కూర్చుంది. కత్తెర తియ్యలేదు. ఆ తరవాతి రోజూ తియ్యలేదు. "మాత్ర మర్చిపోయావే నాయనమ్మా," అన్నాను.

"మరిచిపోలా," అంది. దగ్గరకి లాక్కుని చెవిలో చెప్పింది. "నిన్నగాక మొన్న మీ నాన్న నోట అబద్ధం వచ్చింది. వెలిగే దీపం ముందరే! అది ఊరికే పోదు, తిరిగి వాడికే తగులుద్ది. నేను మానేశాననుకో, అప్పుడది అబద్ధం కాదు. వాడికి దోషం అంటదు. నువ్వు నోరు మూసుకో."

నేను నోరు మూసుకోలేదు. సాయంత్రమే వెళ్ళి నాన్నకి చెప్పాను. ముందుగదిలో నేల మీద కూర్చుని శాంపిల్ సీసాలకి మూతలు బిగిస్తున్నాడు. "నాన్నా, నాయనమ్మ మాత్రలు వేసుకోవట్లేదు. నువ్వలా చెప్పావని మానేసింది," అన్నాను.

నాన్న చెయ్యి ఆగింది. ఇప్పటికీ ఆ మొహం నాకు అచ్చంగా గుర్తుంది. ముందు భయం వేసింది ఆయనకి. ఒట్టు, నిజంగా వేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి చూశాడు. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ తమ్ముడితో మేలమాడుతోంది. తిరిగి వచ్చినప్పుడు ఆ భయం లేదు. "బాగానే ఉంది కదే! చూడు, ఎంత హుషారుగా ఉందో. అంటే నిజంగానే పనిచేస్తున్నట్టే కదా!" అన్నాడు. నాన్న మోసగాడైతే బాగుండేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన నమ్మాడు. నమ్మితేనే ఆయనకి తెల్లారేది కనక నమ్మాడు.

ఆ ఆదివారమే సూటంకుల్ వీడియో కెమెరా తెచ్చాడు. నాయనమ్మకి పట్టుచీర కట్టించి, పీట మీద దీపం వెలిగించి, దాని పక్కన నిలబెట్టారు. కెమెరా నాన్న పట్టుకున్నాడు. ఆవిడ మాట్లాడింది. ఈసారి తడుముకోలేదు, ఎందుకంటే ఈసారి చెప్పేది నిజం. ఆ టేపు కాపీలు తీయించి సూటంకుల్ ఎక్కడెక్కడికో పంపాడు.

అమ్మకి తెలిసేసరికి చాలా రోజులైంది. ఇంట్లో పెద్ద గొడవ. "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, మాత్ర వేసుకోండి," అని కాళ్ళు పట్టుకుంది. వినకపోతే నూరి మజ్జిగలో కలిపింది. నాయనమ్మ ఓ గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "నా కొడుక్కేదన్నా అయితే నువ్వు తట్టుకుంటావా? నేను తట్టుకోలేనమ్మా," అంది. అమ్మ సింకు దగ్గర నిలబడి, నీళ్ళు వదిలేసి, ఏడ్చింది. "జీపీ దగ్గరికైనా తీసుకెళ్ళండి" అంటే, "విజిటర్ని ఎందుకు తిప్పటం, బాగానే ఉందిగా" అన్నాడు నాన్న.

ఓ శనివారం పొద్దున. అమ్మ షిఫ్టులో ఉంది. నాయనమ్మ వంటింట్లో కింద కూర్చుని బీన్స్ తరుగుతోంది. గిన్నె దొర్లిన చప్పుడు విని వెళ్ళాను. నోరు ఒక పక్కకి లాగేసింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఆవిడ దాన్ని ఎవరిదో చెయ్యిలా చూస్తోంది. నాన్న పరుగెత్తుకొచ్చి "అమ్మా! అమ్మా!" అని భుజాలు కుదుపుతున్నాడు. ఆంబులెన్సుకి ఫోన్ చేసింది నేనే. అటువైపు ఉన్నావిడ చాలా నెమ్మదిగా, ముద్దుగా ఒక్కొక్కటే అడిగింది. ఊపిరి ఆడుతోందా, మెలకువగా ఉందా. తరవాత, నాయనమ్మ ఏమైనా మందులు వాడుతోందా అని అడిగింది.

నేను ఫోన్ చేతిలో పట్టుకునే నాన్న వైపు తిరిగి, "మందులేమన్నా వాడుతోందా అని అడుగుతున్నారు నాన్నా," అన్నాను.

గదినిండా జనం ఉన్నప్పుడు గడగడా చెప్పిన మనిషి. దొర్లిన గిన్నె తీసి తిన్నగా పెట్టాడు.

నేనే చెప్పాను, మానేసిందని.

ఆస్పత్రికి సూటంకుల్ వచ్చాడు. అదే సూటు. నాన్న భుజం తట్టి, సంచీలోంచి టానిక్కు సీసా తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాడు. "ముక్కులో గొట్టం తీసేశాక రెండు మూతలు పట్టించండి సార్, మాట వచ్చేస్తుంది," అన్నాడు. అమ్మ ఆ సీసా తీసి అతని కోటు జేబులో కుక్కింది. "మీ అమ్మకి పట్టించు," అంది. అమ్మ ఎవరితోనైనా అలా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే. నాకు ఈ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

నాయనమ్మకి మాట రాలేదు. నాన్న మంచం అంచున తల పెట్టుకుని ఏడుస్తుంటే ఎడమచేత్తో ఆయన జుట్టు నిమిరింది. ఏదో చెప్పాలని పెదాలు కదిపింది, గాలే వచ్చింది. ప్రయాణం చెయ్యొచ్చని డాక్టర్లు అన్నాక వీల్‌చెయిర్‌లో విమానమెక్కించి తీసుకెళ్ళి, మా అత్త దగ్గర దింపి వచ్చాడు నాన్న. మామిడికాయల కాలం రాకముందే పోయింది. నాన్నకి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. మిగిలిన మిషన్లు గరాజ్‌లో తేమకి పాడయ్యాక ఓ రోజు చెత్తలో పడేసి వచ్చాడు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

టేపు మాత్రం ఆగలేదు. చాలా ఏళ్ళ తరవాత నేను బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు, అక్కడి తెలుగు ఆంటీ ఒకావిడ నా ఇంటిపేరు విని మొహం వెలిగించుకుంది. "మీ నాయనమ్మగారు మాకు తెలుసమ్మా! టేపులో చూశాం. దీపం పక్కన నిలబడి ఎంత చక్కగా చెప్పారో. ఆవిణ్ణి చూసే మేం కొన్నాం. ఇప్పుడెలా ఉన్నారు?" అంది. పోయారని చెప్పాను. ఎలా పోయారో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

మా దగ్గర నాయనమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ కాలంలో ఎవరు రికార్డు చేసుకున్నారు? ఉన్నదల్లా ఆ టేపే. కాపీ కాదు, కెమెరాలోంచి తీసిన అసలుది. ఆవిడ తద్దినం రోజున భోజనాలయ్యాక నాన్న అది పెట్టమంటాడు. ఇప్పుడాయనకీ బీపీయే, మాత్ర పూట తప్పడు. తెర మీద పట్టుచీర, దీపం. "అందరికీ నమస్కారమండీ. నేను వీడి అమ్మని," అంటుంది నాయనమ్మ, కెమెరా పట్టుకున్న కొడుకుని వేలితో చూపిస్తూ. అంతవరకే. నాన్న అక్కడ ఆపేస్తాడు. ఏటా అక్కడే ఆపేస్తాడు.

పోయిన ఆదివారం వ్రతం నుంచి వచ్చి, తాంబూలం బల్ల మీద పెట్టి, నేనొక్కదాన్నీ కూర్చుని ఆపకుండా చూశాను. ఆవిడ గొంతు ఇంకాస్త వినాలంటే ఆ మాటలు వినక తప్పదు.

"మాత్రలు మానేశానండీ. నిజంగానే మానేశా. మా వాడు అబద్ధం చెప్పలేదు," అంటుంది, దీపం వైపు తిరిగి.

బెల్‌ఫాస్ట్ ఆంటీ చూసిన టేపు అక్కడితో అయిపోతుంది. ఆ తరవాతి ముక్క సూటంకుల్ కత్తిరించేశాడు. మాది అసలుది కనక మాకుంది. కెమెరా ఇంకా తిరుగుతోందని ఆవిడకి తెలియదు. పీట అంచు పట్టుకుని మెల్లగా వంగుతూ కొడుకుని అడుగుతుంది.

"చాలంట్రా నాయనా? ఇంక కూచుంటా. మోకాళ్ళు ఒకటే లాగేస్తన్నయ్యి."